నీళ్లమ్మ మలుపులో నాలుగు బకెట్లు

బ్రేకు తొక్కితే మా కారు వణికింది. జరిగింది అంతే. కానీ వణికిన చోటు నీళ్లమ్మ మలుపు కావడంతో అది కారు జబ్బు కాకుండా పోయింది.

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డులో, తిరిగొచ్చేటప్పుడు కొండ దిగడం అయిపోయాక, రోడ్డు తిన్నగా సాగే ముక్క ఒకటి ఉంది. అక్కడ కారు నడిపేవాళ్లు ఊపిరి పీల్చుకుని యాక్సిలరేటర్ నొక్కుతారు. సరిగ్గా అర కిలోమీటరు. తర్వాత ఒక్కసారిగా ఎడమకి మలుపు, ఒక కల్వర్టు, పక్కన చేతి బోరింగు. అదే నీళ్లమ్మ మలుపు. చీకటి పడ్డాక అక్కడ ఒంటరిగా ఆగకూడదంటారు. ఆగకుండా వెళ్లిపోకూడదనీ అంటారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట విన్నాను.

విన్నది విన్నట్టు చెబుతాను.

ఎప్పుడో — ఎప్పుడన్నది ఎవరూ చెప్పరు — ఒక బాలింత కొండ దిగి వస్తోంది. నెత్తిన చింతపండు గంప. మిట్టమధ్యాహ్నం. కనిపించిన కారుకల్లా చెయ్యెత్తి గుక్కెడు నీళ్లడిగింది. ఎవరూ ఆపలేదు. వెళ్లి కల్వర్టు గోడ మీద కూర్చుంది... మళ్లీ లేవలేదు.

అప్పట్నుంచి చీకటి పడ్డాక దిగే కార్లని ఆవిడే ఆపుతుంది. చెయ్యెత్తి కాదు — చక్రం పట్టుకుని. బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది. వెంటనే ఆపాలి. బోరింగు కొట్టి ముందు చక్రాలకి చెరో బకెట్టు నీళ్లు పొయ్యాలి. వణక్కపోయినా పొయ్యాలి, ముందు జాగ్రత్తగా. పోస్తే వదిలేస్తుంది. పొయ్యకపోతే...

ఇక్కడికి వచ్చేసరికి అందరూ గొంతు తగ్గిస్తారు. నేను చాలామందిని అడిగాను. నీళ్లు పొయ్యక నష్టపోయినవాడి పేరు ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

ఇంకో సంగతి. ఆర్టీసీ బస్సుని, లారీని ఆవిడ ఏమీ చెయ్యదట. బస్సులో ఆవిడ చుట్టాలుంటారని ఒకరు చెప్పారు, గవర్నమెంటంటే భయమని ఇంకొకరు. మరి లారీ ఎందుకు వణకదని అడిగితే ఆయన కోప్పడ్డాడు.

నా పేరు సత్యశ్రీ. నలభై ఎనిమిదేళ్లు. బీఎస్సీ, ఫిజిక్సు. ప్రతి వారం చింతపల్లి సంతకి వెళ్లి మిరియాలు, పసుపు, రాజ్‌మా కొంటాను. నర్సీపట్నం తెచ్చి, శుభ్రం చేయించి, ప్యాకెట్లు కట్టి షాపులకి వేస్తాను. కారు కొనకముందు షేరు జీపులో మూటల మధ్య ఇంకో మూటలా వెళ్లేదాన్ని. జీపు ఎప్పుడు నిండితే అప్పుడు బయల్దేరేది. నేను సంతకి చేరేసరికి మంచి మిరియాలు అయిపోయేవి. నలభై మూడో ఏట డ్రైవింగు నేర్చుకుని సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అప్పట్నుంచి మంచి మిరియాలు నావే.

నీళ్లమ్మని నమ్మానా అంటే, లేదు. నీళ్లు పోశానా అంటే, పోశాను. బకెట్టు ఎత్తడానికి నమ్మకం అక్కర్లేదు, రెండు చేతులు చాలు. కారు ఇంటికి వచ్చిన రోజే మా అత్తగారు మహాలక్ష్మమ్మ గారు నా చేత మాట తీసుకున్నారు. మొదటి ఏడాది కారు ఒక్కసారి కూడా వణకలేదు. పోస్తున్నందుకే వణకడం లేదన్నారు ఆవిడ. దీనికి ఫిజిక్సులో జవాబు లేదు.

బోరింగు దగ్గర బకెట్టు ఎప్పుడూ ఉండేది. దాని వెనక చిన్న పాక. అందులో దేవుడమ్మ అనే కొండ మనిషి మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. పక్కన గోనెపట్టా మీద తోటకూర, చిక్కుళ్లు, వంకాయలు. చుట్టూ గడ్డి ఎండి పసుపురంగుకి తిరిగిన రోజుల్లో కూడా ఆవిడ తోటకూర అప్పుడే కోసినట్టుండేది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మనం బోరింగు కొడుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది. బకెట్టు నిండగానే చూపు మెల్లగా చక్రం వైపు తిప్పేది.

రెండో ఏడాది జనవరిలో మొదలైంది.

సాయంత్రం ఏడు కావస్తోంది. కొండ మీద మంచు కమ్మేసి ముందున్న రోడ్డు నాలుగు గజాలకి మించి కనబడలేదు. బ్రేకు మీద కాలు తియ్యకుండా ఒక్కో మలుపూ దిగాను. కింద తిన్నని రోడ్డు వచ్చింది. మంచు విడిపోయింది. వేగం పెంచాను. కల్వర్టు తెల్ల రాళ్లు కనిపించగానే బ్రేకు తొక్కాను...

స్టీరింగు వణికింది.

గతుకులో పడ్డట్టు కాదు. ఒక లయలో — ఎవరో రెండు చేతులతో అటూ ఇటూ పట్టి కుదుపుతున్నట్టు. కాలు తీశాను. ఆగిపోయింది. మళ్లీ తొక్కాను. మళ్లీ పట్టుకుంది.

ఆపాను. దిగాను. బోరింగు కొట్టాను. మొదటి బకెట్టు చక్రం మీద గుమ్మరించగానే ‘స్స్స్’మని లోపల్నుంచి నిట్టూర్పు. తెల్లగా లేచింది ఆవిరి. వారం వారం చూసేదే. కానీ ఆ రోజు హెడ్‌లైటు వెలుగులో దానికి భుజాలున్నట్టు అనిపించింది.

ఇంట్లో చెప్పడం నా తప్పు. అత్తయ్య ఆశ్చర్యపోలేదు. చెరో బకెట్టు చాలడం లేదు, చెరో రెండు పొయ్యమన్నారు. పోశాను. వణుకు పెరిగింది. బకెట్లో పసుపు కలపమన్నారు. కలిపాను. వణుకుకి పసుపు నచ్చినట్టుంది, ఇంకా పెరిగింది.

అప్పుడు పెదబొడ్డేపల్లిలో మంగరాజు షెడ్డుకి తీసుకెళ్లాను. ముప్పై ఐదేళ్లుంటాయి, చెయ్యి మంచిది. కారు ముట్టుకోకుండా ముందు ప్రశ్నలు వేశాడు. మామూలుగా పోతున్నప్పుడు కూడా వణుకుతుందా, బ్రేకు వేస్తేనేనా? వేస్తేనే. వణుకు సీటు కింద తెలుస్తుందా, చేతుల్లోనా? చేతుల్లో.

అయితే వెనక చక్రాలు కాదు, బ్యాలెన్సింగూ కాదు, ముందు డిస్కులే అన్నాడు. కారు జాకీ మీద లేపి చక్రం ఊడదీశాడు. లోపల పళ్లెంలా ఉండే ఇనప డిస్కుని చేత్తో తిప్పుతూ, స్క్రూడ్రైవరు మొనని దానికి ఆనీ ఆనకుండా పట్టుకున్నాడు.

సర్ర్... నిశ్శబ్దం. సర్ర్... నిశ్శబ్దం. షెడ్డులో ఎవరో ఆగి ఆగి ఊపిరి తీస్తున్నట్టు.

“వొంకరపోనాదండి మేడమ్,” అన్నాడు. “ఎత్తున్న కాడ బ్రేకు ప్యాడు గట్టిగా పట్టుకుంటంది, పల్లమున్న కాడ వొదిలేస్తంది. సక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి. అదే మీ సేతిలో వొణుకు.”

ఎందుకు వంకరపోయిందని అడిగాను. షెడ్డు గుమ్మానికి కట్టిన నిమ్మకాయ వైపు ఒకసారి చూశాడు. ఘాట్ రోడ్డు కార్లు నెలకి నాలుగైదు ఇలాగే వస్తాయని, అంతకు మించి చీకటి పడేవేళ తనని మాట్లాడించొద్దని చెప్పాడు.

డిస్కులు కొత్తవి వేశాడు. ప్యాడ్లు మార్చాడు. చక్రం కూర్చునే చోట తుప్పు బ్రష్షుతో గీకి, నట్లు ఒకటి విడిచి ఒకటి సమంగా బిగించాడు. ఆ వారం కారు కొండ దిగి నీళ్లమ్మ మలుపులో వెన్నలా ఆగింది. నాకు ఎంత సంతోషమైందంటే, అడక్కుండానే చెరో రెండు బకెట్లు పోసి వచ్చాను.

మూడు వారాలు బాగానే ఉంది. నాలుగో వారం అత్తయ్య తనూ వస్తానన్నారు. చింతపల్లిలో వాళ్ల చెల్లెలి కూతురు పుష్పవతి ఉంటుంది, చూసి చాలా రోజులైందన్నారు. అసలు కారణం ఒళ్లో ఉన్న సంచిలో ఉంది — పసుపు, కుంకుమ, డజను ఆకుపచ్చ గాజులు.

తిరుగు ప్రయాణంలో, కల్వర్టు ముందు, నేను బ్రేకు తొక్కగానే...

డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు ఊడి అత్తయ్య ఒళ్లో పడ్డాడు.

ఆవిడ అరవలేదు. వినాయకుణ్ని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, మెల్లగా అన్నారు. “కొత్త ఇనుముని కూడా పట్టుకుంది సత్యా.”

మర్నాడు ఇంట్లో పంచాయితీ. మా ఆయన ఈశ్వరరావు, మరిది ధర్మారావు, అత్తయ్య ఒకవైపు. నేను, కారు రెండోవైపు. నీళ్లమ్మ ఈ కారుకి అలవాటు పడిపోయిందన్నాడు ధర్మారావు. మాకవరపాలెంలో తనకి తెలిసినవాళ్లు కారు చూస్తున్నారట. ఈ ఆదివారం కాక పై ఆదివారం తీసుకొస్తానన్నాడు. దెయ్యం పట్టిందంటూనే ఇంకొకళ్లకి ఎలా అమ్ముతామని అడిగాను. వాళ్లు చింతపల్లి వైపు వెళ్లరు వదినా, అన్నాడు, నా తెలివితక్కువతనానికి జాలిపడుతూ.

మా ఆయన నా మొహం చూడకుండా ఒకే ఒక్క మాట అన్నాడు. “ఇన్నాళ్లూ జీపులో వెళ్లలేదా ఏంటి?”

ఆ మాట నాకు నీళ్లమ్మ కన్నా ఎక్కువ భయం పుట్టించింది.

ఆ ఆదివారానికి పది రోజులుంది. మధ్యలో ఒకే ఒక్క సంత. మంగరాజు షెడ్డుకి వెళ్లి, నువ్వు వేసిన డిస్కులు మళ్లీ వంకరపోయాయి, నాతో వచ్చి ఎక్కడ ఎలా పోతున్నాయో చూడమన్నాను. పగలైతే వస్తానన్నాడు. పగలు వణకదన్నాను. అబద్ధమే. నేను పగలు ఎప్పుడూ ఆ రోడ్డు దిగలేదు. చాలాసేపు ఆలోచించి, వాళ్లావిడ దేవిని అడిగి, చొక్కా జేబులో నిమ్మకాయ పెట్టుకుని ఎక్కాడు.

దిగేటప్పుడు కొండ మీదే ముక్కు ఎగబీల్చాడు. “వాసన వొస్తంది మేడమ్. ఎంతసేపని తొక్కుతారు బ్రేకు? ఏ గేర్లో ఎక్కినారో ఆ గేర్లోనే దిగాలండి. ఇంజినే ఆపుద్ది బండిని.”

నాకు డ్రైవింగు నేర్పినాయన ఈ మాట చెప్పలేదు. ఆయన నర్సీపట్నం దాటి ఎప్పుడూ వెళ్లలేదు.

తిన్నని రోడ్డు వచ్చింది. కల్వర్టు తెల్ల రాళ్లు... బ్రేకు... వణుకు. మంగరాజు కళ్లు మూసుకుని జేబు గట్టిగా పట్టుకున్నాడు.

ఆపాను. చూడ్డానికి వచ్చినవాడివి దిగి చూడమన్నాను. తల అడ్డంగా ఊపి అద్దం పైకెక్కించుకున్నాడు.

సరే. నేను దిగాను. అలవాటు ప్రకారం బోరింగు కొట్టాను. కిర్ర్... కిర్ర్... ఆ చీకట్లో అది తప్ప వేరే చప్పుడు లేదు. దేవుడమ్మ పాకలో నిప్పులు మాత్రం ఎర్రగా ఉన్నాయి, మనిషి లేదు. బకెట్టు ఎత్తి కుడి చక్రం మీద గుమ్మరించాను.

స్స్స్...

తెల్లగా లేచి నిలబడింది.

కారు తలుపు ఠపీమని తెరుచుకుంది. మంగరాజు. మొహంలో రక్తం లేదు. కానీ అతను చూస్తోంది ఆవిరి వైపు కాదు. నా చేతిలో బకెట్టు వైపు.

“మేడమ్,” అన్నాడు గుసగుసగా. “ఏటి సేస్తన్నారు మీరు?”

నీళ్లు పోస్తున్నానని చెప్పాను. అందరూ పోస్తారుగా.

“పోస్తారని తెల్సు. కలవర్టు మీద పోస్తారనుకున్నాను. సక్రం మీదనా?” అతను చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి దగ్గరికి పెట్టి, వేడికి వెనక్కి లాక్కున్నాడు. “ఎన్నాళ్ల నుంచి?”

ఏడాది పైనుంచి. వారం వారం. ఈ మధ్య చెరో రెండు బకెట్లు.

అతను నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు రాకుండా, భుజాలు మాత్రం ఊగేలా.

“పొయ్యి మీద ఎర్రగా కాలిన పెనాన్ని దించి కుళాయి కింద ఎడతారేటండీ మీ ఇంట్లో?”

ఇనుము వేడికి సాగుతుందని, చల్లబడితే ముడుచుకుంటుందని, ఒకచోట వేడిగా ఒకచోట చల్లగా ఉంటే మెలితిరుగుతుందని, పెళ్లికి ముందు నేను పదో తరగతి పిల్లలకి ట్యూషను చెప్పేదాన్ని. ఆ సంగతి మంగరాజుకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. కొండ దిగేసరికి డిస్కులు కాలి ఉంటాయి. నీళ్లు పోస్తాం. వంకరపోతాయి. మలుపుల్లో మెల్లగా దిగుతాం కాబట్టి వంకర బయటపడదు. వేగం పెంచి బ్రేకు వేసే మొదటి చోటు ఇదే. ఇక్కడ వణుకుతుంది. వణికింది కాబట్టి ఇంకా నీళ్లు పోస్తాం. బస్సులకీ లారీలకీ ఈ రకం డిస్కులుండవు, మూసి ఉండే డ్రమ్ములుంటాయన్నాడు మంగరాజు. గవర్నమెంటుకి సంబంధం లేదు.

దెయ్యాన్ని వారం వారం నేనే తయారుచేశాను. పసుపు కూడా కలిపాను.

అప్పుడు వినిపించింది.

గలగల... చాలా సన్నగా. బోరింగు ఆగిపోయింది, బకెట్టు ఖాళీ. అయినా ఎక్కడో నీళ్లు నడుస్తున్నాయి.

మంగరాజు నవ్వు ఆగిపోయింది. ఫోను టార్చి వేశాను. చక్రం కింద పడిన నీళ్లు రోడ్డు మీద చెదిరిపోలేదు. తారు అంచున వేలెడు లోతు కాలువలోకి దిగాయి. రెండువైపులా చిన్న చిన్న రాళ్లు పేర్చి ఉన్నాయి. కాలువ వంకర తిరిగి కల్వర్టు పక్కనుంచి కిందికి పోతోంది. దాని వెంట నాలుగడుగులు దిగాను. వెనక మంగరాజు, నా చీర కొంగు పట్టుకోవాలా వద్దా అన్నట్టు.

టార్చి వెలుగులో... పచ్చగా. చుట్టూ ఎండిన గడ్డి మధ్య నాలుగు మడుల తోటకూర, చిక్కుడు పందిరి, వంగ మొక్కలు. నీళ్లు మొదటి మడిలోకి చేరి మెల్లగా పరుచుకుంటున్నాయి.

“అక్కడ అడుగెయ్యకమ్మా...” వెనక నుంచి, చెవి పక్కనే. “తడి.”

మంగరాజు నిమ్మకాయ చిక్కుడు పందిరి కిందికి దొర్లిపోయింది.

దేవుడమ్మ. చేతిలో చిన్న పార. మడిగట్టు తెంపి నీళ్లు రెండో మడికి మళ్లిస్తోంది. మమ్మల్ని చూసి కంగారు పడలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు దిగి వస్తారని తెలిసినట్టే ఉంది.

ఈ కాలువ ఎవరు తవ్వారని అడిగాను. తనే అంది. భుజం పడిపోయాక బోరింగు కొట్టలేకపోయిందట. ఆగినవాళ్లెవరైనా ఒక బకెట్టు కొట్టిపెడతారేమోనని బకెట్టు పెట్టి కూర్చుందట. ఎవరూ కొట్టలేదు. ఒకరోజు ఒకాయన కారు దిగి, చక్రం నుంచి పొగలొస్తున్నాయని నీళ్లు పోసుకున్నాడు. ఆ నీళ్లు పారి తిన్నగా మడిలోకి వచ్చాయి. పై వారం ఇంకో ఇద్దరు పోశారు. దేవుడమ్మ రాళ్లు పేర్చింది.

“మరి నీళ్లమ్మ?” అన్నాను.

“ఆవిడెవులో నాకు తెల్దు తల్లీ. మా కొండోళ్లలో అలాగెవులూ సచ్చిపోనేదు. మీ కార్లోళ్లే తెచ్చినారు ఆవిడ్ని.” పారతో గట్టు సరిచేసింది. “నీళ్లొస్తన్నాయి. నానెందుకు కాదనాల?”

వాటివల్ల కార్లు పాడవుతున్నాయని మంగరాజు చెప్పాడు. దేవుడమ్మ మొహం చిన్నబోయింది. ఆ సంగతి తనకి తెలియదంది, బకెట్టు తీసేస్తానంది. మంగరాజు తొందర తొందరగా, బేగి తియ్యక్కర్లేదులే అన్నాడు. నెలకి నాలుగైదు కార్లు అతనికీ గుర్తొచ్చినట్టున్నాయి.

తియ్యొద్దని నేనూ అన్నాను. మిగిలిన మూడు బకెట్లు కొట్టి, తిన్నగా కాలువలో పోశాను.

మర్నాడు మంగరాజు డిస్కులు విప్పి లేతు మిషను మీద చదును చేయించాడు. శనివారం సాయంత్రం అత్తయ్యని, మా ఆయనని, ధర్మారావుని కూర్చోబెట్టి కొండ మీదికి తీసుకెళ్లి, చీకటి పడ్డాక దింపాను. రెండో గేరులో. కల్వర్టు కనిపించగానే అత్తయ్య వినాయకుణ్ని చేత్తో అదిమి పట్టుకున్నారు. వేగం పెంచాను. పెంచి, గట్టిగా తొక్కాను.

కారు గీత గీసినట్టు ఆగింది.

“పట్టుకోలేదే...” అన్నారు అత్తయ్య, కొంచెం నిరాశగా.

డిస్కుల గురించి, ఇనుము గురించి చెప్పబోయాను. ధర్మారావు అప్పుడే నోరు తెరిచి, ఈ ఒక్కసారికి వదిలేసిందేమో అని మొదలుపెట్టాడు. ఫిజిక్సు అక్కడ పనిచెయ్యదని తెలిసిపోయింది. నీళ్లు చక్రాల మీద పోస్తే ఆవిడకి కిట్టదని, కాలువలో పోస్తే తృప్తి పడుతుందని, ఇక్కడుండే మనిషే నాకు చెప్పిందని అన్నాను. అత్తయ్య వెంటనే నమ్మారు. దిగి, ఆ వయసులో, ఒక బకెట్టు తనే కొట్టారు. ఆకుపచ్చ గాజులు దేవుడమ్మ చేతికి తొడిగారు.

మాకవరపాలెం వాళ్లని రావద్దని ధర్మారావు ఆ రాత్రే ఫోను చేశాడు.

తర్వాత ఆ మలుపులో అలవాటు మారింది. నేను మార్చలేదు, అత్తయ్య నోరే మార్చింది. ఘాట్ కార్లు తగ్గిపోయాయని మంగరాజు నన్ను చూసినప్పుడల్లా మూలుగుతాడు. దేవుడమ్మ టమాటా కూడా వేసింది.

అత్తయ్య గాజులు తొడిగిన ఆ సాయంత్రం మడిగట్టు మీద నిలబడి నేనొకటి అనుకున్నాను. ఇకమీదట నీళ్లమ్మ ఉందని ఎవరికీ చెప్పను, లేదని కూడా చెప్పను. కానీ వారం వారం ఆగుతాను. నాలుగు బకెట్లు కొడతాను. నాలుగూ కాలువలోనే పోస్తాను. చక్రం మీద చుక్క పడనివ్వను.

మూడేళ్లయింది. ఒక్క వారం కూడా తప్పలేదు.